కంఠతా వచ్చిన పాఠం

మేముండే ఇంటి కింది వాటాలో ఒక పాప ఉంది. ఇక్కడే నిజామాబాద్‌లో ఇంగ్లీషు మీడియం బడిలో మూడో తరగతి చదువుతుంది. పరీక్షలు దగ్గరపడితే చాలు, పొద్దున్నే మెట్ల మీద కూర్చుని ముందుకూ వెనక్కూ ఊగుతూ ప్రశ్నలూ జవాబులూ బిగ్గరగా వల్లిస్తుంది. మొన్న పాలకు దిగుతూ ఆమె పక్కన ఆగాను.

"ఏం సబ్జెక్టు బిడ్డా?"

"సైన్స్, ఆంటీ."

"ఇప్పుడు చదివినవు చూడు, దానికి అర్థమేంది?"

పాప ఊగడం ఆపి నన్ను వింతగా చూసింది. "అర్థం ఎగ్జాముల అడగరు ఆంటీ" అంది. మళ్లీ ఊగడం మొదలుపెట్టింది.

నేను పాలకు పోలేదు. పైకి వచ్చి మంచం మీద కూర్చుండిపోయాను. మా ఆయన ఏమైందని అడిగితే ఏమీ లేదన్నాను. ఇన్నేళ్ల కాపురంలో ఆయనకు కూడా చెప్పని సంగతి అది.

మా ఊరు బోధన్‌కూ మంజీర ఏటికీ నడుమ, చెరుకు తోటల్లో మునిగి ఉండేది. చక్కెర ఫ్యాక్టరీ నడిచే కాలంలో గాలి ఇటు తిరిగితే ఊరంతా పులిసిన బెల్లం వాసన వేసేది. కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు. మాకు ఆ వాసన వస్తేనే చలికాలం వచ్చినట్టు. చెరుకు కొట్టడానికి నాందేడ్ దిక్కు నుంచి మరాఠీ వాళ్లు పిల్లాపాపలతో దిగేవాళ్లు. ఫ్యాక్టరీకి పోయే ఎడ్లబండ్లు మా బడి ముందునుంచే పోయేవి. బండి కదులుతుండగానే వెనకనుంచి చెరుకు గడ గుంజడం మా ఊరి పిల్లలకు బడిలో చెప్పని చదువు. మా తమ్ముడు అందులో మొనగాడు. "ఏ పోరా, సోడ్, సోడ్!" అని బండివాడు మరాఠీలో అరుస్తుంటే, వాడు గడ వదలకుండా దుమ్ములో ఈడ్చుకుపోతూ కిలకిలా నవ్వేవాడు.

బడి అంటే ఒక్క గది. ఒకటి, రెండు, మూడు తరగతులు అందులోనే. సారు బోధన్ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. చైనుకు తగలకుండా కుడికాలి ప్యాంటుకు రబ్బరు బ్యాండు వేసుకునేవాడు. లోపలికొచ్చాక దాన్ని తియ్యడం మరిచిపోతే మేము ఒకరినొకరం గిల్లుకుని నవ్వుకునేవాళ్లం. ఆయన చెడ్డవాడు కాదు. చింతబరిగె చేతిలో ఉన్నా కొట్టేది తక్కువ. కానీ ఒక్క మనిషి, మూడు తరగతులు, అన్ని సబ్జెక్టులు. ఒక మూల చిన్న పిల్లలు పలక మీద 'అ' దిద్దుతుంటే, మరో మూల రెండో తరగతి ఎక్కాలు అరుస్తుంటే, మేము మూడో తరగతి వాళ్లం ప్రశ్నలూ జవాబులూ వల్లించేవాళ్లం. అన్నీ కలిసి ఒకటే రొద. ఎవరి పాఠం వాళ్లకు వినపడాలంటే ఇంకా గట్టిగా అరవాలి.

తమ్ముడు ఒకటో తరగతి. వాడికి 'అ' ఎప్పుడూ తిరగేసే వచ్చేది. బలపం రాయడానికన్నా కొరుక్కు తినడానికి బాగుంటుందని వాడి అభిప్రాయం. పలక తుడవాలంటే ఉమ్మి చాలు అనేవాడు. నేను వాణ్ని వీపు మీద చరిస్తే మూడో తరగతి వరసలోంచి నా దోస్తు వాడికి అడ్డం వచ్చేది.

నా దోస్తు పక్కింటి పిల్ల. ఇద్దరం ఒకే గోనెసంచి మీద కూర్చునేవాళ్లం. ఎన్నో మొక్కులు మొక్కితే పుట్టిందని వాళ్లమ్మ దాన్ని నేల మీద నడవనిచ్చేది కాదు. వాళ్లమ్మను నేను పెద్దమ్మ అని పిలిచేదాన్ని. మా అవ్వ లాగే ఆమె కూడా బీడీలు చేసేది. అవ్వ అంటే మాకు అమ్మే. సాయంత్రం తంబాకు చాట ఒళ్లో పెట్టుకుని పెద్దమ్మ గడప మీద కూర్చుంటే, నా దోస్తు ఎదురుగా నిలబడి, చేతులు కట్టుకుని, ఆ రోజు బడిలో చెప్పిందంతా అప్పజెప్పేది. పద్యాలు, ఎక్కాలు, మొక్క భాగాలు, అన్నీ. పెద్దమ్మకు ఒక్క ముక్క తెలియదు. కానీ బిడ్డ గొంతుకు తగ్గట్టు ఆమె వేళ్లు ఆకును చుట్టేవి. ఎక్కం దగ్గర గొంతు ఉరికితే వేళ్లూ ఉరికేవి.

ఆ పిల్లకు ఒకసారి వింటే చాలు, వచ్చేసేది. ఒకరోజు సారు జిల్లా పటం నేర్పాలని గది నడుమ చాక్‌పీసుతో పెద్ద గీత గీశాడు. పైన గోదావరి, పక్కన మంజీర. మమ్మల్ని ఒక్కొక్కరిని ఒక్కో ఊర్లో నిలబెట్టాడు. నేను మోస్రాలో. ఇంకో పిల్లవాడు కింద ఇందల్వాయిలో. నా దోస్తు కందకుర్తిలో, రెండు నదులు కలిసేచోట. అది అక్కడ నిలబడగానే లంగా మడమల పైకి ఎత్తి పట్టుకుంది.

"ఏమైందే?" అన్నాడు సారు.

"తడుస్తది సార్" అంది.

సారు నవ్విన నవ్వు నాకింకా గుర్తు.

ఆ చలికాలంలోనే ఇన్‌స్పెక్టర్ సారు వచ్చాడు. మా సారు ముందురోజే మాతో బడి అలికించి, గోడకు మామిడాకులు కట్టించాడు. ఇన్‌స్పెక్టరు పరిసరాల విజ్ఞానం పుస్తకం తెరిచి, "అతిసారం సోకిన వారికి ఏమి ఇవ్వవలెను?" అని అడిగాడు. నా దోస్తు లేచి నిలబడింది. ఊపిరి తియ్యకుండా చెప్పింది. "అతిసారం సోకిన వారికి కాచి చల్లార్చిన గ్లాసు నీటిలో చిటికెడు ఉప్పు, చెంచా చక్కెర కలిపి, కొద్దికొద్దిగా, మాటిమాటికి తాగించవలెను." ఇన్‌స్పెక్టరు శభాష్ అన్నాడు. మా సారు ముఖం వెలిగిపోయింది. తర్వాత అందరం వరుసగా అదే చెప్పాం. నేనూ చెప్పాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

ఎండలు ముదిరి ఒంటిపూట బడి మొదలయ్యేసరికి ఊరి బావి అడుగంటింది. చేద వేస్తే బురద నీళ్లు వచ్చేవి. బట్టలో వడగట్టుకుని తాగేవాళ్లం. ఆ సీజనుకు ఫ్యాక్టరీ మూసే రోజులు దగ్గరపడ్డాయని అందరూ ఒకేసారి చెరుకు తోలారు. బండ్లు ఫ్యాక్టరీ ముందు రోజుల తరబడి వరుసలో నిలబడి ఉండేవి. మా బాపు కూడా ఎడ్లతో, రొట్టెల మూటతో అక్కడే ఉన్నాడు.

అప్పుడే ఊర్లో గత్తర లేచింది.

ముందు హరిజనవాడలో ఒక ముసలాయన పోయాడన్నారు. వాకిళ్లకు వేపమండలు కట్టారు. పోచమ్మకు బోనం తీశారు. మరునాడు పొద్దున నా దోస్తు బడికి రాలేదు. గోనెసంచి మీద నేనొక్కదాన్నే కాళ్లు చాపుకుని కూర్చున్నాను. చోటు ఎక్కువైందని సంతోషించాను కూడా.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి పక్కింటి వాకిట్లో ఆడవాళ్లు గుమిగూడారు. మా నాయనమ్మ కూడా అందులోనే ఉంది. సందులోంచి దూరి గడప దగ్గరికి పోయాను. నా దోస్తు చాప మీద ఉంది. రాత్రి నుంచి కక్కుడూ పారుడూ అట. నిన్న సాయంత్రం చూసిన పిల్ల కాదు. కళ్లు లోపలికి పోయాయి. బుగ్గల్లో ఎముకలు లేచాయి. వేళ్ల చర్మం ముడతలు పడి, ఎక్కువసేపు నీళ్లలో నానినట్టు ఉంది.

"అవ్వా, నీళ్లు" అంటోంది.

"జర ఓర్సుకో బిడ్డా" అంటోంది పెద్దమ్మ. "పొద్దుగూకంగ పోస్త. ఇప్పుడు తాగద్దు."

"నీళ్లు పొయ్యకుండ్రి" అంది మా నాయనమ్మ. "నీళ్లు పోస్తే ఇంకింత పారుతది. నోరు తడుపుండ్రి, సాలు."

ఆమె ఒక్కతే కాదు, అక్కడున్న అందరూ అదే అన్నారు. వాళ్ల అవ్వలు కూడా వాళ్లకు అదే చెప్పి ఉంటారు. పెద్దమ్మ కొంగు చివర తడిపి బిడ్డ పెదాలకు అద్దింది. నా దోస్తు ఆ కొంగును పళ్లతో పట్టుకుని చీకడం మొదలుపెట్టింది. వదల్లేదు. ఇద్దరు ఆడవాళ్లు దవడ పట్టుకుని కొంగు విడిపించారు. పెద్దమ్మ ముఖం అటు తిప్పుకుంది.

అప్పుడు అది నన్ను చూసింది. "నువ్వన్న తేవే" అంది. గొంతు లేదు, పెదాలు మాత్రమే కదిలాయి.

నీళ్ల కుండ నా పక్కనే ఉంది. నేను కుండ వైపు చూశానో లేదో, నాయనమ్మ నా రెక్క పట్టుకుని బయటికి లాగేసింది. "నీకు గుడ తగులుతది. ఇంటికి నడువు."

పొద్దుగూకక ముందే ఏడుపు లేచింది. ఆఖరుకు పెద్దమ్మ ఆ నోట్లో నీళ్లు పోసిందట. పోసిన నీళ్లు పోసినట్టే చెంపల మీదుగా కారిపోయాయని అవ్వ ఎవరికో చెబుతుంటే విన్నాను.

దాన్ని తీసుకుపోయిన మరునాడే మా తమ్ముడు పడ్డాడు.

వాడు చాలాసేపు దొడ్డి వైపు పోయి వస్తూ, ప్రతిసారీ "ఇగ తక్కువైంది అక్కా" అన్నాడు. సూది వేస్తారని భయం. తర్వాత లేవలేకపోయాడు. తెల్లగా, బియ్యం కడిగిన నీళ్ల లాగా పోతోంది. మా అవ్వ వాణ్ని ఒళ్లో వేసుకుని, వాడి కళ్లు చూసి, మొన్న చూసిన కళ్లే అని గుర్తుపట్టింది. ఆమె కేక పెట్టలేదు. నా భుజాలు పట్టుకుని, "బడికి ఉరుకు. సారు బోధన్ పోంగ ఫ్యాక్టరీ కాడ మీ బాపుకు చెప్పమను. తమ్ముడు సచ్చిపోతున్నడని చెప్పమను. బండి ఇడిసిపెట్టి రమ్మను" అంది.

నేను ఉరికాను. కాళ్లకు చెప్పులు లేవు, నేల కాలిపోతోంది. దారిలో కనపడిన దేవుళ్లందరికీ మొక్కాను. వాడు బతికితే ఇంకెన్నడూ వీపు మీద చరవనని చెప్పాను.

బడిలో పిల్లలెవరూ లేరు. గత్తరకు భయపడి ఎవరూ పంపలేదు. సారు ఒక్కడే బోర్డు మీద పెద్ద పరీక్షకు ముఖ్యమైన ప్రశ్నలు రాస్తున్నాడు. నేను గుమ్మంలోనే నిలబడి అవ్వ చెప్పిందంతా ఒక్క గుక్కలో చెప్పాను.

"ఏమైంది వానికి?" అన్నాడు సారు ఇటు తిరిగి.

"పారుతుంది సార్. కక్కుతుండు."

"నీళ్లు తాపుతున్నరా?"

"లేదు సార్. నీళ్లు తాపితే ఇంకింత పారుతదట."

సారుకు కోపం వచ్చింది. "ఎవరన్నరు? నువ్వేం సదివినవే మరి? అతిసారం పాఠం రాదా నీకు?"

"వస్తది సార్" అన్నాను. అడిగితే చెప్పాలి కదా. ఏడుస్తూనే చేతులు కట్టుకున్నాను. "అతిసారం సోకిన వారికి కాచి చల్లార్చిన గ్లాసు నీటిలో చిటికెడు ఉప్పు, చెంచా చక్కెర కలిపి, కొద్దికొద్దిగా, మాటిమాటికి తాగించవలెను."

సారు నా నోటి వైపే చూశాడు. "గంత మంచిగ వచ్చుగద. మరి తమ్మునికి ఎందుకు ఇస్తలేరు?"

"వానికి అతిసారం రాలేదు సార్" అన్నాను. "వానికి పారుతుంది."

సారు చేతిలోని చాక్‌పీసు కింద పడింది. తర్వాత నా ముందుకొచ్చి మోకాళ్ల మీద కూర్చుని, నా రెండు చేతులూ విడదీసి పట్టుకున్నాడు.

"అతిసారం అంటే గదేనే బిడ్డా" అన్నాడు. "పారుడే. గత్తరంటే గుడ గదే."

నాకు చాప మీద నా దోస్తు కనపడింది. సారు ముఖంలోకి ఏదో వచ్చింది. ఆయన కూడా నేను తలుచుకున్నదాన్నే తలుచుకున్నాడు.

"ఆ పిల్లకు..." అన్నాడు. "కందకుర్తిల నిలవడ్డ పిల్లకు... నీళ్లు తాపలేదా?"

తల అడ్డంగా ఊపాను.

ఆయన లేచాడు. మరుక్షణం నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తొక్కాడు. ప్యాంటు చైనులో పడి చిరిగింది. ఆగలేదు.

మా వాకిట్లో నాయనమ్మ అడ్డంగా నిలబడింది. విషయం చెప్పగానే సారు కాళ్ల మీద పడిపోయింది. "నీ కాల్మొక్కుత సారూ. ఉన్నదొక్క మొగపిల్లగాడు. నీళ్లు తాపి సంపకు. మొన్న గా పిల్లను సూడలేదా?"

"నీళ్లు తాపకనే పోయిందమ్మా" అనబోయాడు సారు. పక్కింటి గోడ వైపు చూసి మాట మింగేశాడు. "గిది నా మాట కాదు. పుస్తకంల ఉన్నది" అన్నాడు.

అవ్వ అప్పటిదాకా తమ్ముణ్ని ఒళ్లోంచి దించలేదు. నాయనమ్మను చూసింది, సారును చూసింది. చివరికి నన్ను చూసింది.

"నువ్వు సదివినవా?"

"సదివిన అవ్వా."

"నిజమేనా గది?"

నాకేం తెలుసు. ఆ పాఠం నాకు వచ్చు. నిజమో కాదో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. తమ్ముడి పాదాలు చల్లబడుతున్నాయి.

"నిజమే అవ్వా" అన్నాను.

అవ్వ లేచి పొయ్యి రాజేసింది.

చుట్టూ చెరుకే పండే ఊర్లో మా ఇంట్లో చక్కెర పలుకు లేదు. చాయ్‌లో కూడా బెల్లమే. బెల్లమైనా ఫర్వాలేదన్నాడు సారు. నీళ్లు మరిగాక చల్లారడానికి పట్టినంత సేపు నా జీవితంలో ఇంకేదీ పట్టలేదు. గిన్నెలోంచి గిన్నెలోకి తిరగపోస్తూ, విసనకర్రతో విసిరాను. ఉప్పు చిటికెడు అవ్వ వేసింది. సారు వేలు ముంచి రుచి చూసి, "కన్నీళ్ల కంటె ఉప్పగ ఉండద్దు" అన్నాడు. తమ్ముడు పసివాడుగా ఉన్నప్పటి ఉగ్గుగిన్నెతో నోట్లో పోశాం.

పోయగానే కక్కేశాడు. నాయనమ్మ నెత్తి కొట్టుకుంటూ ఏడ్చింది. "సెప్తే ఇంటిరా! పానం తీస్తున్నరు పోరనిది!"

"కక్కనియ్యి" అన్నాడు సారు. "జరసేపు ఆగి మళ్ల పొయ్యి. జరంత జరంత."

మళ్లీ పోశాం. మళ్లీ కక్కాడు. మళ్లీ పోశాం. అవ్వ ఏడవడం లేదు. పోస్తూనే ఉంది. నేను వాడి పాదాలు ఒళ్లో పెట్టుకుని రుద్దుతూ మనసులో ఎక్కాలు చెప్పుకున్నాను. వేరే ఏది తలుచుకున్నా దోస్తు పళ్ల మధ్య కొంగే కనపడుతోంది. ఏడు ఒకట్ల ఏడు, ఏడు రెండ్ల పద్నాలుగు. ఎక్కం అయిపోతే మళ్లీ మొదటికొచ్చేదాన్ని.

ఎండ వాకిట్లోంచి గోడ మీదికి ఎక్కింది. కక్కడం తగ్గింది. పొయ్యడం ఆపితే వాడే నోరు తెరవసాగాడు. దీపాలు పెట్టే వేళ అవుతుండగా అవ్వ ఒక్కసారిగా ఒళ్లు తడుముకుని, "ఉచ్చ పోసిండు! సారూ, ఉచ్చ పోసిండు!" అని అరిచింది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది ఆమెకు. సారు వాకిట్లోకి పోయి గోడకు ముఖం ఆనించి నిలబడ్డాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి.

ఆ గోడ అవతలి నుంచే పెద్దమ్మ వచ్చింది. జుట్టు విరబోసుకుని ఉంది. మా గడప దగ్గర నిలబడి ఉగ్గుగిన్నెను చూసింది, గిన్నెలో నీళ్లు చూసింది, కళ్లు తెరిచి ఉన్న తమ్ముణ్ని చూసింది. మా నాయనమ్మ గబగబా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సారూ" అంది పెద్దమ్మ. "నీళ్లు తాపితే బతుకుతరా?"

పొయ్యిలో కట్టె చిటపటమంటోంది.

"ఒక్కొక్కలకు పడుతదమ్మా" అన్నాడు సారు నేల చూస్తూ. "అందరికి పడది."

"నా బిడ్డకు పడకపోవునా?"

"పడకపోవు."

పెద్దమ్మ "గట్లనా" అని వెళ్లిపోయింది. సారు సైకిల్ తీసుకుని బాపుకు కబురు చెప్పడానికి బోధన్ దారి పట్టాడు. పాఠం ఒప్పజెప్పడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అబద్ధం ఎప్పుడు చెప్పాలో కూడా ఆ సాయంత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

తర్వాత ఆసుపత్రి జీపు వచ్చింది. బావిలో తెల్లటి పొడి వేశారు, సూదులు వేశారు. సారు బడి వదిలి వాడవాడా తిరిగి ఉప్పూ బెల్లం నీళ్ల సంగతి చెప్పాడు. కొందరు విన్నారు, కొందరు వినలేదు. ఆ ఏడు పెద్ద పరీక్షలో అతిసారం ప్రశ్న రాలేదు. బోర్డు మీద ముఖ్యమైన ప్రశ్నల్లో ఉన్నదాన్ని ఆయనే తుడిచేశాడు. అప్పటి నుంచి ఆయన పుస్తకంలో ఏ మాట వచ్చినా ఆగి, "దీన్ని మీ ఇంట్ల ఏమంటరు?" అని అడిగేవాడు. బదులు వచ్చేదాకా ముందుకు పోయేవాడు కాదు. పాఠాలు సగం కూడా అయ్యేవి కావు.

ఎండాకాలం సెలవుల్లో పెద్దమ్మ చాట తీసుకుని మా వాకిట్లోకి రావడం మొదలుపెట్టింది. మొదటిరోజు అవ్వ పక్కన కూర్చుని, నన్ను పిలిచింది.

"మీరు ఏమేం సదివిండ్రో నాకు సెప్పు బిడ్డా. అది సెప్తుంటె నేను సక్కగ ఇనకపోతి."

చేతులు కట్టుకుని నిలబడ్డాను. పద్యాలు చెప్పాను. ఎక్కాలు చెప్పాను. వేరు, కాండం, ఆకు, పువ్వు. పొద్దు పొడిచే దిక్కుకు ముఖం పెడితే కుడిచెయ్యి దక్షిణం, ఎడమచెయ్యి ఉత్తరం. అక్కడి నుంచి ఒక పాఠం దాటేసి, జిల్లాలోని నదులకు పోయాను. పెద్దమ్మ కళ్లు మూసుకుని వింటూ బీడీలు చుట్టింది.

"గా రెండు ఏర్లు కలిసేది మల్లొక్కసారి సెప్పు" అంది. "అది లంగ ఎత్తుకొని సూపిస్తుండె."

చెప్పాను. తర్వాత ఎన్నో సాయంత్రాలు చెప్పాను. నాలుగో తరగతికి పోయినా ఆమెకు మాత్రం మూడో తరగతివే కావాలి. నేను ఆ ఒక్క పాఠం దాటేస్తూనే ఉన్నాను. వేరే ఊరి బడికి నడిచి పోయే రోజుల్లో కూడా, ఇంటికొచ్చేసరికి ఆమె అరుగు మీద కూర్చుని ఉండేది. ఎప్పుడో ఒకరోజు నా నోరు జారుతుందని భయం. ఆ పిల్లకు అది కంఠతా వచ్చని తెలిస్తే, ఆ చెయ్యి, ఆ కొంగు గుర్తొచ్చి ఆమె ఏమైపోతుందోనని భయం. ఈ మాట మా అవ్వకు కూడా చెప్పుకోలేదు.

జారింది నా నోరు కాదు. తమ్ముడు మూడో తరగతికి వచ్చాడు. ఒక సాయంత్రం పెద్దమ్మ బీడీలు చేస్తుంటే వాడు అరుగు మీద బోర్లా పడుకుని పుస్తకం చదువుతున్నాడు. నేను ఇంట్లోంచి వచ్చేసరికే ఆలస్యమైంది.

"అతిసారం సోకిన వారికి కాచి చల్లార్చిన గ్లాసు నీటిలో..."

"గదేందిరా?" అంది పెద్దమ్మ, మామూలుగానే.

"పారుడు పెద్దమ్మా" అన్నాడు వాడు. సారు అలాగే నేర్పాడు మరి. "నాకచ్చింది సూడు, గదే. ఉప్పు నీళ్లు తాపాలె. అందరికి తాపాలె అన్నడు సారు."

పెద్దమ్మ వేళ్లు ఆగాయి. చాటలోంచి తంబాకు కొంచెం నేల మీద రాలింది.

"గీ పాఠం ఏ క్లాసుల సెప్తరు?"

"మూడో క్లాసుల."

ఆమె తలెత్తి నన్ను చూసింది. నేను గుమ్మం పట్టుకుని ఉన్నాను.

"మాకప్పుడు గీ పాఠం లేకుండె పెద్దమ్మా" అన్నాను. "గిది కొత్త పుస్తకం."

తమ్ముడు పుస్తకం అట్ట తిప్పి చూశాడు. అది నా పుస్తకమే. నా చేతిరాత దాని మీద ఉంది. చదవడం రాని పెద్దమ్మకు ఆ సంగతి తెలియదు. వాడు నోరు తెరవబోతే కళ్లతో అదిలించాను.

పెద్దమ్మ నన్నే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. ఏముందో ఇప్పటికీ చెప్పలేను.

"నువ్వు గుడ సారు లెక్కనే మాట్లాడవడితివి బిడ్డా" అంది చివరికి.

రాలిన తంబాకును చేత్తో ఊడ్చి చాటలో వేసుకుంది. "ఊకో. సదువనియ్యి వాన్ని" అంది. వాడు చదివాడు. ఆమె మళ్లీ చదవమంది. చీకటి పడి అక్షరాలు కనపడకుండా పోయేదాకా చదివించుకుంది. ఆమె పెదాలు వాడి వెంట కదులుతూనే ఉన్నాయి.

ఆ తర్వాత ఆమె నన్ను ఎన్నడూ పాఠాలు చెప్పమని అడగలేదు.

కానీ నా పెళ్లయి ఆ ఊరు విడిచేదాకా చూశాను. ఎండాకాలంలో ఎవరింట్లో పిల్లకు పారుతోందని తెలిసినా, పెద్దమ్మ కాచిన నీళ్ల చెంబుతో, బెల్లం ముక్కతో వెళ్లేది. పిలవకపోయినా వెళ్లేది. ముసలివాళ్లు వద్దని అడ్డం వస్తే వాదించేది కాదు. పిల్ల తల దగ్గర కూర్చుని పొయ్యడం మొదలుపెట్టేది. ఆమెను ఆపే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. పిల్ల తేరుకుని కళ్లు తెరిచి చూసేదాకా కదిలేది కాదు. తల్లులు చేతులు పట్టుకుని ఏదో చెప్పబోతే విడిపించుకుని లేచేది. ఎవరి వైపూ చూడకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి పోయి తలుపేసుకునేది.